“ఏం కాలేదులెండి” అనే ముందు

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, “నువ్వు కరెంటువాడివి కదా, సోలార్ గురించి పది నిమిషాలు మాట్లాడరా” అన్నాడు. సరేనన్నాను. కాని సోలార్ గురించి చెప్పడానికి ఈ హాల్లోనే నాకంటే తెలిసినవాళ్లు ఉన్నారు. నేను మాత్రమే చెప్పగలిగింది ఒకటుంది, దాన్ని చెప్పి కూర్చుంటాను. కార్యదర్శి క్షమించాలి.

2023 వానాకాలంలో ఒక సాయంత్రం విజయవాడ నుంచి మోటారు సైకిల్ మీద ఇంటికి వస్తున్నాను. ఊరి మొదట్లో రాంగ్ రూట్‌లో వచ్చిన కారు నన్ను కొట్టింది. హెల్మెట్ ఉంది కాబట్టి ఈరోజు మీ ముందు నిలబడ్డాను. పడ్డాను, లేచాను. ఎవరో మంచినీళ్లిచ్చారు. కారు నడిపిన కుర్రాడు మా పెద్దవాడి వయసువాడు. చేతులు వణుకుతున్నాయి. “అంకుల్, కేసు వద్దంకుల్” అన్నాడు. వాళ్ల తరఫు పెద్దమనిషి ఒకాయన వచ్చి ఐదు వేలు నా చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టమన్నాడు. “నాకేం కాలేదులెండి” అని పెట్టాను. ఇంటికొచ్చాక సంతకం పెట్టినట్టు గుర్తుంది. అందులో ఏం రాసుందో గుర్తు లేదు. అదే మొదటి లక్షణం. అది లక్షణమని మాకు తెలియలేదు.

ఆ రాత్రి ఒకసారి వాంతి అయింది. మా ఆవిడ ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్కాన్ తీశారు. “స్కాన్ బాగుంది, ఇంటికెళ్లొచ్చు” అన్నారు. స్కాన్ బాగుంటే నేను బాగున్నట్టే కదా అనుకుని మూడో రోజు డ్యూటీకి వెళ్లాను.

సెల్‌ఫోన్ మోగితే తలలో మేకు కొట్టినట్టుండేది. ట్యూబ్‌లైటు వెలుతురు చూడలేకపోయేవాణ్ణి. పేపర్లో ఒక పేరా చదివి కిందికి వచ్చేసరికి పైన ఏముందో మర్చిపోయేవాణ్ణి. ముప్పై ఏళ్లలో ఇంట్లో గొంతెత్తనివాణ్ణి, కుక్కర్ కూత వేసిందని మా ఆవిడ మీద అరిచాను.

తొమ్మిదో రోజు జరిగింది చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. ఒకే ఫీడర్ మీద రెండు బృందాలు లైన్ క్లియర్ తీసుకుని పనిచేస్తున్నాయి. ఒక బృందం పని ముగించి లైన్ క్లియర్ తిరిగి ఇచ్చేసింది. నేను సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, “పనైపోయింది, ఛార్జ్ చెయ్” అన్నాను. అవతల షిఫ్ట్ ఆపరేటర్ చిన్న కుర్రాడు. “సార్, రిజిస్టర్‌లో ఇంకో ఎల్‌సీ ఉంది సార్” అన్నాడు. ఆ సమయానికి ఇద్దరు లైన్‌మన్లు స్తంభం మీద ఉన్నారు. ఆ కుర్రాడు పై అధికారి మాటను కాదని రిజిస్టర్ మాట నమ్మాడు. లేకపోతే రెండు కుటుంబాలు ఏమయ్యేవో మీరే ఊహించుకోండి. ఆ సాయంత్రమే సెలవు పెట్టి నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆయన చెప్పింది ఇది. దీన్ని కంకషన్ అంటారు. తలకు తగిలిన కుదుపుకి పుర్రె లోపల మెదడు అదిరి, దాని పని కొంతకాలం అస్తవ్యస్తం కావడం. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోవడం పొరపాటు. చాలామందికి స్పృహ తప్పదు. సీటీ స్కాన్ చూసేది రక్తస్రావం ఉందా, ఎముక విరిగిందా అని. అవి లేవంటే ప్రాణాపాయం లేదని ధైర్యం. అంతేగాని దెబ్బ లేదని కాదు.

నాకు వెంటనే మా ట్రాన్స్‌ఫార్మర్లు గుర్తొచ్చాయి. పెద్ద షార్ట్ సర్క్యూట్ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌కి పైన ట్యాంకు మెరుస్తూనే ఉంటుంది. లోపల వైండింగ్ జరిగి ఉండొచ్చు. అందుకే పరీక్షలు చేయకుండా మళ్లీ ఛార్జ్ చేయం. లారీ మీద దాన్ని పంపేటప్పుడు, దారిలో ఎంత కుదుపు తగిలిందో తెలియడానికి ఇంపాక్ట్ రికార్డర్ బిగించి పంపుతాం. ఇనుముకిచ్చిన ఆ మర్యాద నా తలకి నేనివ్వలేదు.

ఇప్పుడు కొంచెం జాగ్రత్తగా వినండి. తలకు దెబ్బ తగిలాక ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. తలనొప్పి తగ్గకుండా పెరుగుతూ పోవడం. మళ్లీ మళ్లీ వాంతులు. ఫిట్స్. మాట ముద్దగా రావడం. కాలో చెయ్యో పట్టు తప్పడం. రెండు కనుపాపలు ఒకే సైజులో లేకపోవడం. ముక్కులోంచో చెవిలోంచో రక్తమో నీళ్లలాంటి ద్రవమో కారడం. మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం. లేపితే లేవనంత మత్తు. కొందరు దెబ్బ తగిలాక కొన్ని గంటలు మామూలుగా మాట్లాడి, తర్వాత ఒక్కసారిగా పడిపోతారు. లోపల రక్తం నెమ్మదిగా చేరడం వల్ల అలా అవుతుంది. అందుకే మొదటి రోజు మనిషిని ఒంటరిగా వదలకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ముసలివాళ్లు లక్షణం లేకపోయినా డాక్టరుకి చూపించుకోవాలి.

ఇవేవీ లేకుండా తలతిరుగుడు, వెలుతురు పడకపోవడం, మతిమరుపు, చిరాకు, నిద్ర తేడా ఉంటే, ఒకటి రెండు రోజులు తలకీ ఒంటికీ విశ్రాంతి, ఆ తర్వాత కొద్దికొద్దిగా పని. ఎక్కువమందికి కొన్ని వారాల్లో నయమవుతుంది. కొందరికి నెలలు పడుతుంది. నాకు ఐదు నెలలు పట్టింది.

పీఈటీ మాస్టార్లకి ఒక మనవి. కబడ్డీలో తల నేలకు కొట్టుకున్న పిల్లాణ్ణి ఆరోజు మళ్లీ కోర్టులోకి దింపకండి, వాడెంత బతిమాలినా సరే. క్లాసు టీచర్లకి ఇంకొకటి. బాగా చదివే పిల్ల పడిన వారం తర్వాత లెక్కలు తప్పు చేస్తుంటే బద్ధకమనుకోకండి.

ఇక చట్టం సంగతి. ఇంజనీరుని కాబట్టి ఇందులో నేను నేర్చుకున్నదంతా దెబ్బతిని నేర్చుకున్నదే. సాయం చేసింది మన బడిలోనే నాకు మూడేళ్లు జూనియర్ అయిన వకీలమ్మ. ఆమె ఈ హాల్లోనే ఉంది, పేరు చెప్పొద్దంది.

మొదటిది, నేను ఆ కుర్రాడి మీద జాలిపడ్డాను. తప్పు కాదు. కాని నష్టపరిహారం వాడి జేబులోంచి పోదని నాకు తట్టలేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అది ఉన్నదే ఇందుకు. జాలితో కేసు మానుకుంటే మిగిలేది ఇన్సూరెన్స్ కంపెనీకే.

రెండోది, ఆసుపత్రిలో “బండి మీంచి పడ్డాను” అనకండి. “ఫలానా బండి గుద్దింది” అని చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించండి. పోలీసు స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ వేయించి నకలు తీసుకోండి. 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కి మొదటి ప్రమాద నివేదిక పంపాలి. నేను స్టేషన్‌కి వెళ్లింది మూడో వారంలో. ఆలస్యమైందని ఆశ వదులుకున్నాను. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయకూడదని 2011లో రవి, బద్రీనారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని వకీలమ్మ ధైర్యం చెప్పింది.

మూడోది గడువు. 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకి 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. తల బాగుపడ్డాక చూద్దాంలే అనుకుంటే అది దాటిపోతుంది. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. మీరుండే ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లో కూడా వేసుకోవచ్చు.

నాలుగోది, గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా దారుంది. తీవ్ర గాయమైతే 50 వేలు, మరణమైతే 2 లక్షలు ప్రభుత్వ పథకం కింద ఇస్తారు. తీవ్ర గాయమంటే ఎముక విరగడమే కాదు. 15 రోజులు మామూలు పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమేనని ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ అంటోంది. కంకషన్ తగిలినవాడికి ఈ ఒక్క వాక్యం ఎంత అండో చూడండి. కాని ఆ 15 రోజులూ కాగితం మీద ఉండాలి. వైద్యం ఖర్చుకి 2025 మే నుంచి నగదురహిత పథకం కూడా వచ్చింది. గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా వర్తిస్తుంది.

ఐదోది, ఆసుపత్రి గేటు దగ్గరే “కేసు మేం చూసుకుంటాం, వచ్చిందాంట్లో ఇంత మాకు” అనేవాళ్లు తగులుతారు. మన దేశంలో వకీలు వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకి విరుద్ధం. డబ్బు లేదని భయపడక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, పారిశ్రామిక కార్మికులకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీల్ని ఇస్తారు. మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంది. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. రోడ్డు మీద పడినవాణ్ణి ఆసుపత్రికి చేర్చిన మనిషిని సాక్ష్యం పేరుతో ఇబ్బంది పెట్టకూడదని 134ఏ సెక్షన్ ఉంది. సాయం చేయడానికి జంకకండి.

నా కేసులో ఇన్సూరెన్స్ వాళ్ల వకీలు మొదట చూపించింది నేను సంతకం పెట్టిన తెల్లకాగితమే. “నాకు ఏ దెబ్బా తగల్లేదు, ఇకపై ఏ విధమైన క్లెయిమూ లేదు” అని ఉంది. స్కాన్ బాగుందన్న రిపోర్టు దాని మీద పెట్టాడు. ఎదురుగా మా దగ్గరున్నది మా ఆవిడ పాల లెక్క పుస్తకం. నేను అరిచిన రోజు నుంచి దాని వెనక పేజీల్లో ఆమె రాస్తూ వచ్చింది. “పద్నాలుగో రోజు. కుళాయి కట్టకుండా వచ్చేశారు. అరగంట టీవీ చూస్తే తలనొప్పి. రెండుసార్లు అడిగిందే అడిగారు.” తేదీతో, టైముతో, ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా. స్కాన్ కంటే ఈ పుస్తకమే తనకు ఎక్కువ చెప్పిందన్నాడు డాక్టరు. ఒంట్లో ఎంత శాతం లోపం అన్నదే కాదు, దానివల్ల సంపాదన ఎంత దెబ్బతింది అన్నది చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్క తేలింది డాక్టరు కాగితాలూ, నా సెలవు కాగితాలూ, ఆ పాల పుస్తకమూ కలిపి చూశాకే. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. అడిగినదాంట్లో సగం కంటే తక్కువే వచ్చింది. వచ్చిన సగం మా ఆవిడ రాసిన పుస్తకం వల్ల, పోయిన సగం నేను చదవకుండా పెట్టిన సంతకం వల్ల అని మా ఇంట్లో తీర్పు.

మా సైన్సు మాస్టారు ముందు వరసలో ఉన్నారు. తొమ్మిదో తరగతిలో నా రికార్డు పుస్తకం విసిరికొట్టారు ఒకసారి. రావలసిన జవాబు ముందే తెలుసు కదా అని, ప్రయోగం చేయకుండానే పరిశీలన రాసేశాను. “చూసింది రాయరా, తెలిసింది కాదు” అన్నారు. మాస్టారూ, రోడ్డు మీద నేను చేసింది మళ్లీ అదే తప్పు. చూసుకోకుండానే “ఏం కాలేదు” అని రాసిచ్చాను.

సంఘానికి ఒక చిన్న ప్రతిపాదన. బడికి మనం కట్టించబోయే ల్యాబుతో పాటు, తలదెబ్బ తగిలితే చూడాల్సిన లక్షణాలు రాసిన ఒక బోర్డు ఆటస్థలం దగ్గర పెట్టిద్దాం. మనలో డాక్టర్లున్నారు, వకీళ్లున్నారు. వాళ్లు ఒప్పుకుంటే ఆపదలో ఎవరిని అడగాలో ఒక జాబితా సంఘం దగ్గర ఉంచుదాం. బోర్డు ఖర్చు నాది.

ఆ షిఫ్ట్ ఆపరేటర్ పెళ్లికి పోయిన ఏడాది వెళ్లాను. స్తంభం మీదున్న ఆ ఇద్దరూ నా పక్కనే కూర్చుని భోజనం చేశారు. ఆ ఫోన్ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదట. నేనే చెప్పాను.