గోడ సందులు మనమే నింపుకుందాం

(వయోజన విద్యా కేంద్రంలో తాపీ పని చేసే ఒక అక్క చేసిన ప్రసంగం)



నేను తాపీ పని చేస్తాను. మొదట పదేళ్ళు మేస్త్రీలకు మాలు అందించాను. ఆ తర్వాత తాపీ పట్టాను. మాలు అంటే ఇటుకకూ ఇటుకకూ మధ్య పెట్టే ముద్ద. ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు చెప్తాను.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మా అమ్మ ఇల్లు మా తాత కట్టించింది. ఇటుక గోడలు. సున్నం మాలు. పైన పూత లేదు. పడమటి గోడ సందుల్లో మాలు రాలిపోయింది. పుల్ల పెడితే లోపలికి పోయేది. వానజల్లు కొడితే లోపలి వైపు చెమ్మగిల్లేది. అమ్మ మంచం ఆ గోడ పక్కనే.

సిమెంటు గట్టిది కదా అనుకున్నాను. ఒక బస్తా తెచ్చి సందులన్నీ బిగించాను. అందరూ మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు గడిచాయి. సిమెంటు చెక్కు చెదరలేదు. ఇటుకలే పొరలు పొరలుగా రాలాయి. అమ్మ రోజూ పొద్దున్నే ఆ ఎర్ర పొడి ఊడ్చేది. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

ఎందుకలా జరిగింది? గోడలోకి ఎంతో కొంత తడి వస్తుంది. సున్నం మాలు మెత్తనిది. తడి దాని గుండా బయటికి పోయి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. తడి ఇటుక గుండా పోవలసి వచ్చింది. తడితోపాటు ఉప్పు కూడా వచ్చింది. నీరు ఆరింది. ఉప్పు ఇటుకలో గడ్డకట్టి, పై పొరను నెట్టేసింది. కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకోండి. మాలు ఇటుక కన్నా మెత్తగా ఉండాలి. పాడైతే మాలు పాడవ్వాలి. దాన్ని మళ్ళీ పెట్టుకోవచ్చు.

మీ గోడ ఏ మాలుతో కట్టారో ముందు చూడండి. మేకుతో గీకండి. తెల్లగా పొడి రాలితే సున్నం మాలు. బూడిద రంగులో గట్టిగా ఉంటే సిమెంటు. సిమెంటు గోడకు సిమెంటు మాలే పెట్టొచ్చు. సున్నం గోడకు సున్నమే పెట్టాలి. గోడ ఒరిగినా, ఇటుకలు చీలేంత పగులు ఉన్నా మీరు ముట్టుకోవద్దు. మంచి మేస్త్రీని పిలవండి. చూరు నీళ్ళు గోడ మీద పడుతుంటే ముందు అది బాగుచెయ్యండి.

ఇప్పుడు రంగు సంగతి. మాలుకు రంగు ఎక్కువగా ఇసుక నుంచే వస్తుంది. సందు లోపలి నుంచి పాత మాలు ముక్క ఒకటి తీయండి. పై ముక్క వద్దు. దానికి పొగ, దుమ్ము పట్టి ఉంటాయి. ముక్కను నలిపి చూడండి. ఇసుక సన్నమా, ముతకా? పసుపా, ఎరుపా? ఇటుక పొడి కనిపిస్తోందా? అలాంటి ఇసుకే వెతకండి. సముద్రం ఇసుక వద్దు. అందులో ఉప్పు ఉంటుంది.

తర్వాత మూడు బిళ్ళలు చెయ్యండి. కొలతకు ఒకే డబ్బా వాడండి.

1వ బిళ్ళ: సున్నం 1, ఇసుక 3.
2వ బిళ్ళ: సున్నం 1, ఇసుక 2½, ఇటుక పొడి ½.
3వ బిళ్ళ: సున్నం 1, ఇసుక 2, ఇటుక పొడి 1.

బిళ్ళ మీద అంకె వెయ్యండి. కొలత పుస్తకంలో రాయండి. తడి మాలు ముదురుగా కనిపిస్తుంది. అది చూసి మోసపోవద్దు. వారం రోజులు నీడలో ఆరనివ్వండి. అప్పుడు పగటి వెలుగులో పాత ముక్క పక్కన పెట్టి చూడండి.

నాకు అప్పట్లో రాయడం రాదు. బిళ్ళల పక్కన బొగ్గుతో గుర్తులు పెట్టాను. వానకు గుర్తులు పోయాయి. ఏ బిళ్ళలో ఏం కలిపానో తెలియలేదు. మళ్ళీ మొదటి నుంచి చేశాను. అందుకే అంకెలు వెయ్యమంటున్నాను.

సున్నంతో జాగ్రత్త. రాతి సున్నాన్ని ఇనుప డ్రమ్ములో నీళ్ళు పోసి, అందులో కొంచెం కొంచెంగా వెయ్యాలి. నీళ్ళు కుతకుత ఉడుకుతాయి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. కంట్లో పడితే ధారగా నీళ్ళతో చాలాసేపు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. చల్లారిన సున్నాన్ని నీళ్ళ కిందే రెండు వారాలు నాననిచ్చి, జల్లించి వాడండి.

ఇక పని. సన్న ఉలి, చిన్న సుత్తి తీసుకోండి. కోత మిషను వద్దు. అది ఇటుక అంచులు తినేస్తుంది. సందు వెడల్పుకు రెండింతల లోతు తీయండి. అర అంగుళం సందు అయితే అంగుళం లోతు. అంటే వేలు మొదటి కణుపు దాకా. దుమ్ము దులపండి. నీళ్ళు చల్లండి. నీరు కారకుండా, గోడ చెమ్మగా ఉండాలి. మాలు గట్టిగా కలపండి. ఒకేసారి నింపకండి. కొంచెం పెట్టి, అదిమి, మళ్ళీ పెట్టండి. ఇటుక మీద పూయకండి. ఆ తెల్ల మచ్చ తొందరగా పోదు.

గోరు గుచ్చితే కొంచెమే దిగేంత బిగిశాక, కొబ్బరి పీచు బ్రష్షుతో తట్టండి. పైనున్న సున్నం పొర పోయి ఇసుక రేణువులు కనిపిస్తాయి. అప్పుడే పాత మాలు రంగు వస్తుంది. ఎండ తగలకుండా తడి గోనెలు కట్టండి. వారం రోజులు చెమ్మ ఆరనివ్వకండి. సున్నం నెమ్మదిగా బిగుస్తుంది. తొందరపెట్టకూడదు.

అమ్మ గోడకు పెట్టిన సిమెంటు తీసేటప్పుడు కొన్ని ఇటుకల అంచులు కూడా ఊడి వచ్చాయి. బాగా చెడినవి మార్చాను. సందులు సున్నంతో నింపాను. ఇప్పుడు ఎర్ర పొడి రాలడం లేదు. కింది వరసలో మాత్రం కొన్ని ఇటుకలు పెచ్చులూడి ఉన్నాయి. ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా నా చూపు ముందు వాటి మీదకే పోతుంది.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. మీ గోడ సందులోంచి ఒక ముక్క కాగితంలో పొట్లం కట్టి తీసుకురండి. పొట్లం మీద మీ పేరు మీరే రాయండి. అందరం కలిసి బిళ్ళలు చేద్దాం.