సిలోయము గోపురం, పంజాగుట్ట వంతెన
(స్మారకోపన్యాసం)

మాస్టారి పాండిత్యం గురించి పెద్దలు ఇప్పటికే చెప్పారు. నాకు మిగిలింది ఒక్కటే: ఆయన నా బైబిలు కాంకార్డెన్సు పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. పోయాక వాళ్లబ్బాయి తెచ్చిచ్చాడు. మార్జిన్ల నిండా పెన్సిలు రాతలు, సగం నన్ను తిడుతూనే. "యోహాను 5:14కి ఏం జవాబు చెబుతాడట?" అని రాసి కింద రెండు గీతలు కొట్టారు. ఈరోజు నేను చెప్పేది ఆ జవాబే.

ఏదెను తోట, రోమా పత్రిక 5వ అధ్యాయం, అగస్తీను పెలాగియుల తగవు, కతోలికుల పాపసంకీర్తనం, లూథరు: ఇవన్నీ మీరు సండేస్కూలు నుంచీ విన్నవే. పాపం మనిషిని దేవుడికీ సాటి మనిషికీ దూరం చేస్తుందనీ, మరణానికి ఈడుస్తుందనీ, క్రీస్తులో క్షమాపణ ఉందనీ మనలో ఎవరికీ పేచీ లేదు. పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. ఒకడు మంచాన పడితేనో, ప్రమాదంలో పోతేనో, వాడు చేసిన పాపమేమిటని వెతకొచ్చా?

2007 సెప్టెంబరు 9, ఆదివారం. కడుతున్న పంజాగుట్ట ఫ్లైఓవరులో ఒక భాగం కూలి మనుషులు పోయారు. 2019 సెప్టెంబరు 22, అదీ ఆదివారమే. అమీర్‌పేట మెట్రో స్టేషను కింద వానకు ఆగిన ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడిపడి ప్రాణం తీసింది. లూకా 13లో, పిలాతు చంపించిన గలిలయుల కబురు తెచ్చినవాళ్లతో యేసు ఇలాంటి సంగతే ఎత్తాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులా అని తనే అడిగి, కాదని తనే చెప్పాడు. మారుమనస్సు పొందమన్న హెచ్చరిక ఆ వెంటనే ఉందిగా అంటారు. ఉంది. అయితే అది వింటున్నవాళ్లకు, శవాలకు కాదు.

ఇక మాస్టారి అస్త్రం, యోహాను 5:14. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న మనిషిని యేసు బాగుచేసి, ఆ తర్వాత దేవాలయంలో చూసి, ఇక పాపం చేయొద్దు, ఇంతకంటే కీడు రావచ్చన్నాడు. వరస చూడండి. ముందు బాగుచేశాడు, పాపాల పట్టిక అడగలేదు. హెచ్చరిక లేచి నడిచాక వచ్చింది, అదీ రాబోయేదాని గురించి. ఆ ఒక్కడి విషయంలో జబ్బుకూ పాపానికీ లంకె ఉందనే ఒప్పుకుందాం. అది తెలిసినవాడు యేసు. మనకు తెలిసే దారేదీ? నాలుగు అధ్యాయాలు దాటితే 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డి. వీడు పాపం చేశాడా, కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే ఇద్దరూ కాదన్నాడు. 5:14 పట్టుకున్నవాళ్లు 9:3ని ఎందుకు వదిలేస్తారు?

మరొకటి మొదటి కొరింథీ 11:30. ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం ఈ వాక్యం చదివి బెదిరిస్తారు. జ్వరం వచ్చినవాళ్లు వెనక బెంచీలోనే ఉండిపోతారు. తొమ్మిది వచనాలు వెనక్కి వెళ్లండి. కొందరు ముందే తిని తాగేస్తే పేదలు ఆకలితో మిగిలారన్నది పౌలు కోపం. రోగులే దోషులని ఆయన అనలేదు; సంఘం తప్పుకు సంఘంలో అనేకులు బలహీనులూ రోగులూ అయ్యారన్నాడు. నా వాదమంతా ఇదే. పాపఫలం ఉంది, కానీ అది చేసినవాడి గడప దగ్గరే ఆగదు. కట్టడం కూలితే కింద పోయినవాళ్ల నడత కాదు, కట్టినవాళ్ల పనీ తనిఖీ చేసినవాళ్ల సంతకమూ చూడాలి.

నిమ్స్ ఆసుపత్రి గేటు బయట ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లిని పలకరించండి. "ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నామో" అంటుంది. మన బోధకుడు వచ్చి ఆ 'ఏ జన్మలో' ఒక్కటీ తీసేసి, మిగతాదంతా ఆమెకే అప్పజెప్పి పోతాడు! ఒంగోలు మిషనరీ క్లౌ దొర అలా చేయలేదు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ముందు కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న 2,222 మందికి బాప్తిస్మం జరిగింది కరువు పనులు ముగిశాకే.

ఈ తగవే నన్ను యోబు గ్రంథం దగ్గరికి నెట్టింది. ఇప్పుడు దానికే వ్యాఖ్యానం రాస్తున్నాను. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ఏడు రోజులు యోబు పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. అంతవరకు మంచి స్నేహితులే. తర్వాత దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని, నీ పాపం ఒప్పుకోమని వాయించారు. 42వ అధ్యాయంలో దేవుడి కోపం వాళ్ల మీదికే తిరిగింది. వాళ్ల కోసం యోబే ప్రార్థించాల్సి వచ్చింది. ఈ ముగ్గురి మాటలు మన పల్పిట్ల మీద ఎలా బతికాయో వ్యాఖ్యానంలో చూపాలి. అందుకు పాత తెలుగు ప్రసంగాల నోట్‌బుక్కులు కావాలి. మీ తాతలు పాస్టర్లయితే పెట్టెలు వెతకండి. చెదలు తిన్నవైనా సరే, రశీదు రాసిచ్చి తీసుకుంటాను, తిరిగి ఇస్తాను కూడా. నాతో ఏకీభవించనివాళ్లవి ముందు పంపండి.