నాలుగు కిలోల లెన్సు, నలభై మీటర్ల దూరం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరువి కదా, నీ ఉద్యోగం గురించి మాట్లాడమని కార్యవర్గం వాళ్ళు అడిగారు. నా ఉద్యోగం యంత్రాల కంపనాలు కొలవడం. దాని గురించి పది నిమిషాలు చెబితే భోజనాలకు ముందే సభ ఖాళీ అవుతుంది. అందుకే యాభై దాటాక మొదలుపెట్టిన ఇంకో చదువు గురించి చెబుతాను. అది బరువైన టెలిఫోటో లెన్సుతో పక్షుల్నీ జంతువుల్నీ ఫోటో తీయడం. ఈ చదువుకు నా బడులు మూడు: చిలమత్తూరు మండలంలోని వీరాపురం, పెనుకొండ కొండ, ధర్మవరం చెరువు. మూడూ మనకు తెలిసిన ఊళ్ళే.

నా దగ్గరున్నది పాతది కొన్న 500 ఎం.ఎం. లెన్సు. లెన్సు ఒక్కటే నాలుగు కిలోలకు కాస్త తక్కువ. కెమెరా కలిస్తే ఐదు కిలోలు. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టి మనతో హాస్టల్లో ఉండి చదివిన ఒక మిత్రుడు దాన్ని ఎత్తి చూసి, "ఏమప్పా, ఈ వయసులో ఈ మూట మోసేదెందుకు? ఫోన్లో తీస్తే రాదా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు మన పదో తరగతి లెక్కల పుస్తకంలోనే ఉంది. సరూప త్రిభుజాల పాఠం.

ఎర్రకాళ్ళ కొంగ ఎత్తు దాదాపు ఒక మీటరు. 40 మీటర్ల దూరం నుంచి 500 ఎం.ఎం. లెన్సుతో తీస్తే కెమెరాలోని సెన్సారు మీద దాని బొమ్మ 12.5 మిల్లీమీటర్లు వస్తుంది. సెన్సారు ఎత్తు 24 మిల్లీమీటర్లు. అంటే సగం ఫ్రేములో కొంగ నిలబడుతుంది. అదే బొమ్మ మామూలు 50 ఎం.ఎం. లెన్సుతో కావాలంటే 4 మీటర్ల దగ్గరికి పోవాలి. నాలుగు మీటర్ల దగ్గరికి మనిషి వస్తే ఏ కొంగ గూట్లో కూర్చుంటుంది? ఆ 36 మీటర్ల తేడా కోసమే ఈ మోత. బరువు మనం మోస్తే పక్షికి బెదురు తప్పుతుంది.

అయితే లెన్సు కొంగను పది రెట్లు పెద్దది చేసినప్పుడు మన చేతి వణుకును కూడా పది రెట్లు పెద్దది చేస్తుంది. ఇక్కడ నా ఉద్యోగం కొంచెం అక్కరకు వచ్చింది. కంపనాన్ని తగ్గించాలంటే మూడు దారులు: ఆధారం గట్టిగా ఉండాలి, బరువు సమతూకంలో ఉండాలి, కదలిక ఎక్కడో ఒకచోట ఇంకిపోవాలి. ట్రైపాడ్ మొదటి పని చేస్తుంది. దాని మీద బిగించే గింబల్ అనే ఉయ్యాల లాంటి పరికరం రెండో పని చేస్తుంది. లెన్సు గరిమనాభి దగ్గర ఊగేలా అమర్చుకుంటే ఐదు కిలోలూ ఒక్క వేలితో తిరుగుతాయి. మూడో పనికి నేను పెట్టిన ఖర్చు తక్కువ. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి కుట్టి, అందులో ఉలవలు పోశాను. కారు కిటికీ మీదో, బండరాయి మీదో ఆ సంచి వేసి లెన్సు ఆనిస్తే వణుకంతా ఉలవలే మింగేస్తాయి.

మిగిలింది అలవాటు. షట్టరు వేగం కనీసం 1/500 సెకను, ఎగిరే పక్షికైతే 1/2000 దాకా. ఎడమ చెయ్యి లెన్సు మీద ఆనించి, కన్ను కెమెరాకు అదిమి, ఊపిరి సగం వదిలి మీట నొక్కాలి. లెన్సులోని స్టెబిలైజరు మన వణుకును తగ్గిస్తుంది కానీ పక్షి కదలికను ఆపలేదు. నడిచేటప్పుడు సంచి పట్టీ లెన్సుకే తగిలించాలి. కెమెరాకు తగిలిస్తే రెండూ కలిసే చోట భారమంతా పడుతుంది. భుజం సంగతి మన వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. చేత్తో ఎత్తి పట్టుకునేది నాలుగైదు సెకన్లే, ఆ తర్వాత దించేయడమే.

పెనుకొండలో నేర్చుకున్నది ఎండ గురించి. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న కొండ అది. ఎలుగుబంట్లు, చిరుతలు తిరిగే చోటు కాబట్టి నేను తెల్లవారాకే, తోడుతోనే వెళ్తాను. మొదట సాధన చేసింది వాటి మీద కాదు, బండల మీద తలాడించే తొండల మీద. జత కట్టే కాలంలో మగ తొండ వీపు ఎర్రబడి, పక్కలు నల్లబడతాయి. 10 మీటర్ల దూరంలో ఈ లెన్సును ఎఫ్/5.6 దగ్గర పెడితే పదునుగా కనిపించే లోతు 13 సెంటీమీటర్లే. కంటి మీద ఫోకస్ పెడితే తోక మసక. ఏది పదునుగా ఉండాలో ముందే తేల్చుకోవడం ఆ తొండలు నేర్పాయి. పొద్దున తొమ్మిది దాటాక బండ నుంచి వేడిగాలి లేస్తుంది, పొయ్యి మీద గాలిలా బొమ్మ అలలు అలలుగా కదులుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా దానికి మందు లేదు. సంచి సర్దుకుని దిగిపోవడమే.

ధర్మవరం చెరువు ఎగిరే పక్షిని వెతకడం నేర్పింది. 500 ఎం.ఎం. లెన్సులో 40 మీటర్ల దూరాన కనిపించేది మూడు మీటర్ల వెడల్పు కూడా ఉండదు. ఆకాశంలో పక్షిని ఆ సందులోంచి వెతికితే దొరకదు. ముందు వట్టి కంటితో పట్టుకోవాలి. చూపు దాని మీదే నిలిపి, లెన్సును కంటి దగ్గరికి తేవాలి. చెరువులో ఎర్రకాళ్ళ కొంగ మేత తీరు కూడా అక్కడే చూశాను. సగం తెరిచిన ముక్కును నీళ్ళలో అటూ ఇటూ తిప్పుతుంది. చేప ముక్కుకు తగలగానే టక్కున మూస్తుంది. చూపుతో కాదు, స్పర్శతో వేట. చెరువులో లోతు తక్కువ నీళ్ళుంటేనే దానికి బువ్వ. అది రెక్క విప్పిన ఫోటో చూపిస్తే మన మగ్గాల మిత్రుడు చాలాసేపు చూసి, "ఈ గులాబీ రంగు అద్దకంలో తేవడం కష్టమప్పా" అన్నాడు. ఆ తర్వాత మూట సంగతి ఎత్తలేదు.

ఇక వీరాపురం. చలికాలంలో వచ్చి ఊళ్ళోని చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకుని, వానాకాలంలో వెళ్ళిపోయే కొంగలు. పత్రికల్లో వీటిని సైబీరియా కొంగలని రాస్తుంటారు. అది నిజం కాదు. ఇవి మన దేశపు పక్షులే, నీళ్ళనూ మేతనూ బట్టి చోటు మారుతుంటాయి. నిజమైన సైబీరియా కొంగలు భరత్‌పూర్‌కు వచ్చేవి, 2002 తర్వాత అవి కూడా రావడం మానేశాయి. మన కొంగలకు పరాయి ఊరు అంటగట్టకూడదని ఎందుకంటున్నానంటే, సైబీరియా నుంచి వచ్చేవైతే వాటి బాగోగులు ఎవరివో అనిపిస్తుంది. మనవైతే మన చెరువు ఎండితే వాటి పిల్లలు పస్తుంటాయని తెలుస్తుంది.

అక్కడ ఒక పెద్దమ్మ నా లెన్సును చూసి, "ఎంత దూరమైనా కనబడుతుందా నాయనా? అయితే ఆడనే నిలబడు. చెట్టు కిందికి పోవద్దు. పెద్దవి లేచిపోతే పిల్లలు ఎండకు సోలిపోతాయి" అంది. ఆమె మాటలో అక్షరం కూడా పొల్లు లేదు. మిట్టమధ్యాహ్నం తల్లి గానీ తండ్రి గానీ రెక్కలు గొడుగులా పరిచి పిల్లలకు నీడ పడుతుంది. మనం దగ్గరికి పోయి దాన్ని లేపితే ఆ గొడుగు పోతుంది. గూళ్ళకూ గుడ్లకూ హాని చేయకూడదని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది. వీరాపురంలో ఆ పని చట్టం కంటే ముందు నుంచీ ఊరివాళ్ళు చేస్తున్నారు. కొంగలు వస్తే ఊరికి మంచిదని వాళ్ళ నమ్మకం.

సెల్‌ఫోన్లూ కెమెరాలూ పట్టుకుని వచ్చేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. డ్రోన్లు ఎగరేయాలని చూసేవాళ్ళూ ఉన్నారు. ఇంకో చిక్కు చింతచెట్టుది. ముసలిచెట్టు ఒకటి పడిపోతే దాని మీది గూళ్ళన్నీ పోయినట్టే. ఇవాళ నాటిన మొక్క గూళ్ళు మోసేంత మాను కావడానికి దశాబ్దాలు పడుతుంది. మనం బడి వదిలిన ఏడు నాటి ఉంటే ఈపాటికి పనికొచ్చేది.

అందుకే ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో నా మనవి రెండు. ఒకటి, వీరాపురం పెద్దల్నీ అటవీ శాఖ వాళ్ళనూ అడిగి, వాళ్ళు చూపించిన చోట మన సంఘం తరఫున చింతమొక్కలు నాటి, మూడేళ్ళు నీళ్ళు పోసే బాధ్యత తీసుకుందాం. నాటడం ఒక రోజు పని, నీళ్ళు పోయడమే అసలు పని. రెండు, మన బడి పిల్లలతో గూళ్ళు లెక్కపెట్టిద్దాం. జనవరి నుంచి ఆగస్టు దాకా నెలకో ఆదివారం, ఒకే చోట నిలబడి, చెట్టు చెట్టుకూ గూళ్ళెన్నో, పిల్లలెన్నో ఒక నోటుపుస్తకంలో రాయాలి. పదేళ్ళు రాస్తే కొంగలు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో మాటల్లో కాదు, అంకెల్లో చెప్పగలుగుతాం.

లెన్సు, ట్రైపాడ్, ఉలవల సంచి నేను తెస్తాను. నలభై మీటర్ల దగ్గర ముగ్గుతో గీత గీద్దాం. పిల్లలు వరుసలో నిలబడి ఒక్కొక్కరే లెన్సులోంచి చూస్తారు. సైన్సు, లెక్కల ఉపాధ్యాయులు ఒకరైనా తోడు రావాలని కోరుతున్నాను. మొదటి ఆదివారం ఏదో ఇవాళ భోజనాల దగ్గరే తేల్చుకుందాం. పేర్లు రాసుకోవడానికి నా దగ్గర పుస్తకం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి.