యూట్యూబు రాబడిలో రైతు వాటా



కోరుకు చేయడమంటే మనకు కొత్త కాదు. భూమి ఒకరిది, చాకిరీ మరొకరిది. పంట కల్లానికి చేరాక ముందు అనుకొన్న ప్రకారం రాశి పంచుకొంటారు. కొన్ని ప్రాంతాల్లో దీన్నే పాలుకు చేయడం అంటారు. ఇప్పుడు మన పల్లెల్లో మరొక రకం పాలు బయలుదేరింది. కొందరు రైతులు తమ సేద్యాన్ని ఫోనుతో వీడియో తీసి యూట్యూబులో పెడుతున్నారు. దానిమీద నెలనెలా డబ్బు వస్తుందని విని మరికొందరు ఉబలాటపడుతున్నారు. ఈ పాలు లెక్క ఏమిటి? మనకు దక్కేదెంత? దానికోసం ఏది పోగొట్టుకోరాదు? ఈ మూడు సంగతులు ఈ రోజు ముచ్చటించుకొందాం.

యూట్యూబు 2005లో అమెరికాలో మొదలైంది. మరుసటి ఏడు గూగుల్ కంపెనీ దాన్ని కొన్నది. 2007లో, వీడియో తీసినవారికి ప్రకటనల రాబడిలో వాటా ఇచ్చే పద్ధతి పెట్టారు. మీ వీడియోకు ముందో మధ్యలోనో సబ్బు ప్రకటనో ట్రాక్టరు ప్రకటనో వస్తుంది కదా! ఆ సబ్బు కంపెనీవారు గూగుల్‌కు సొమ్ము కడతారు. నిడివిగల వీడియోమీద అలా వచ్చిన ప్రతి 100 రూపాయల్లో 55 రూపాయలు మీకు, 45 రూపాయలు కంపెనీకి. షార్ట్స్ అనే చిన్న వీడియోల పద్ధతి వేరు. వాటి రాబడిని ఒకచోట రాశిపోసి, చూపులనుబట్టి పంచుతారు. మీ పేర లెక్కకు వచ్చిన దాంట్లో మీకు దక్కేది 45 శాతం. ఈ ఏర్పాటు 2023 ఫిబ్రవరి నుంచి వచ్చింది.

అయితే వీడియో పెట్టిన మర్నాడే వాటా మొదలు కాదు. ముందు 1,000 మంది చందాదారులు చేరాలి. వీరినే సబ్‌స్క్రైబర్లు అంటున్నారు. దానితోపాటు గడచిన 12 నెలల్లో జనం మీ వీడియోలు చూసిన కాలం మొత్తం 4,000 గంటలు కావాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మనిషికి నాలుగు నిమిషాల చొప్పున చూస్తారనుకొంటే, 60,000 సార్లు చూడాలన్నమాట. చిన్న వీడియోల దారిన పోదలచుకొంటే, 1,000 మంది చందాదారులతోపాటు 90 రోజుల్లో కోటి చూపులు రావాలి. ఈ మెట్టు ఎక్కేదాకా ఎన్ని వీడియోలు పెట్టినా ప్రకటనల సొమ్ములో మీ వాటా సున్న.

మెట్టు ఎక్కిన తరువాత కూడా, వెయ్యిమంది చూస్తే ఇంత అని ఖాయమైన ధర లేదు. యార్డులో మిర్చి ధర మాదిరే ఇదీ పెరుగుతుంది, తరుగుతుంది. ప్రతి చూపుకూ ప్రకటన పడదు. చూసేవారు ఏ దేశంవారు, ఏ ప్రకటన పడింది అన్నదానిమీద రేటు మారుతుంది. సామాన్యంగా మీ ఖాతాలో 100 డాలర్లు పోగయితేనే బ్యాంకుకు పంపుతారు. తక్కువైతే పై నెలకు జమ వేస్తారు.

పన్ను సంగతీ చెప్పాలి. అమెరికాలోని మన తెలుగువారు చూసినందువల్ల వచ్చే రాబడిమీద అక్కడి పన్ను పడుతుంది. అడిగిన ఫారం సరిగా నింపితే, రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఆ భాగంమీద 15 శాతం కోస్తారు. ఫారమే నింపకపోతే ప్రపంచం మొత్తంమీద వచ్చిన రాబడిలో 24 శాతం దాకా కోత పడవచ్చు. ఇక్కడ మాత్రం ఇది పంట అమ్మిన సొమ్ము కాదు. సేద్యపు ఆదాయానికి ఉన్న మినహాయింపు దీనికి వర్తించదు.

ఇక అసలు సంగతికి వద్దాం. జనం ఎంతసేపు చూస్తే అంత రాబడి. అందువల్ల ఉన్నదానికంటే పెంచి చెప్పాలనే ఆశ పుడుతుంది. “ఎకరాకు పది లక్షలు” అని పైన పెద్ద అక్షరాలతో పెడతారు. డ్రాగన్ పండు తోట చూపుతారు గాని, స్తంభాలకూ మొక్కలకూ అయిన ఖర్చు చెప్పరు. అది చూసి ఎక్కడో ఒక సన్నకారు రైతు అప్పుచేసి స్తంభాలు పాతుతాడు. చూపించినవాడికి వచ్చేది ఆ చూపు తాలూకు కొద్ది పైసలు. నమ్మినవాడికి పోయేది మూడేళ్ల బ్రతుకు. పురుగుమందు మోతాదు తప్పు చెప్పినా ఇంతే. ఊళ్లో ఒకరికి తప్పు చెబితే ఒక చేను పోతుంది. వీడియోలో చెబితే ఎన్ని చేలు పోతాయో మనకు తెలియను కూడా తెలియదు.

కొన్ని మందుల కంపెనీలు, విత్తనాల కంపెనీలు నేరుగా మీ దగ్గరికే వచ్చి, మా సరుకు మెచ్చుకోండి, ఇంత ఇస్తామంటాయి. ఇది యూట్యూబు ఇచ్చే వాటా కాదు, వేరే బేరం. డబ్బుగాని, ఉచితంగా సరుకుగాని పుచ్చుకొంటే ఆ మాట వీడియోలోనే స్పష్టంగా చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదారి పట్టించే ప్రకటనలో పాలుపంచుకొన్నవారికి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు.

మరి నిజం చెబితే ఎవరు చూస్తారయ్యా అంటారా? జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో ‘మై విలేజ్ షో’ మొదలుపెట్టారు. అందులో పేరు తెచ్చుకొన్న గంగవ్వ పొలం పనులు చేసుకొని బ్రతికిన మనిషి. తన యాసలో, తన తీరున మాట్లాడింది. జనం మెచ్చింది ఆ సహజత్వాన్నే. మన సేద్యంలోనూ అంతే. గులాబిరంగు పురుగు పడిన కాయను కోసి చూపండి. ఏ రకం విత్తనం, ఏ నేల, ఎన్ని తడులు, ఖర్చెంత, చేతికి వచ్చిందెంత, నష్టం వస్తే అదీ చెప్పండి. ఇతరుల వీడియోలు, సినిమా పాటలు ఎత్తి పెట్టకండి. హక్కుదారు అడ్డుపెడితే ఆ రాబడి వారికి పోతుంది.

విస్తరణ అధికారులకు ఒక మనవి. మీ మండలంలో వీడియోలు తీసే రైతులెవరో తెలిసికొని ఉంచుకోండి. పెట్టకముందే మోతాదు, అదను, రకం పేరు ఒకసారి సరిచూసి ఇవ్వండి. పది సభల్లో చెప్పే మాట ఆ ఒక్క వీడియోతో చేరవచ్చు.

సోదరులారా! కోరు భూమికి షరతులు పెట్టేది ఆసామి. యూట్యూబు షరతులు కంపెనీ చేతిలో ఉన్నాయి. 2018లో మెట్టు పెంచినప్పుడు ఎందరో చిన్నవారికి ఉన్న వాటా కూడా పోయింది. కాబట్టి ఈ రాబడిని గట్టుమీది కందిలాగా చూసుకోండి. వస్తే ఇంటికి ఆసరా. దాన్ని నమ్ముకొని చేను బీడు పెట్టకండి, అప్పుచేసి కెమెరాలు కొనకండి. కంపెనీ రేటు మార్చవచ్చు గాని, నిజం చెబుతాడని నలుగురిలో వచ్చిన పేరు మాత్రం పూర్తిగా మనదే. అందులో ఎవరికీ పాలు లేదు.