లోపలివారు - బయటివారు



నేను సికిందరాబాదులోని రాంగోపాల్‌పేట నివాసిని. మా పేటకు అనతిదూరమున పోవు ఇనుపదారి వాడి జంక్షను నుండి సికిందరాబాదు వరకు 1874వ సంవత్సరమున తెరువబడినది. మా పేటకు తన పేరునిచ్చిన దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ 1900వ సంవత్సరమున జేమ్సు వీధిలో ఠాణా కట్టడమును, గడియారపు గోపురమును సొంతద్రవ్యముతో నిర్మింపజేసెను. తన ధనమును వెచ్చించినవాడు ఎవ్వరికిని లెక్క చెప్పనక్కరలేదు. పదుగురి ధనమును వెచ్చించువానికి ఆ స్వేచ్ఛ లేదు. గోపురము మొదటి విధమున లేచినది. ఇనుపదారి రెండవ విధమున సాగినది. ఈ రెండవ విధమును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మన గ్రామములలోని సంగతి నొకదానిని ముందు చూతము. చెరువుకట్టకు మరమ్మతు చేయింపవలసియున్నదనుకొనుడు. పని నిర్ణయించువాడు సర్పంచు. గుత్త పుచ్చుకొనువాడు అతని బావమరిది. పని చక్కగా ముగిసినదని వ్రాసియిచ్చువాడు వారిద్దరికిని కావలసినవాడు. ఇందెవ్వడును కన్నము వేయలేదు, పెట్టె పగులగొట్టలేదు. కాగితములన్నియు సక్రమముగానే యుండును. అయినను రెండు వానలకే కట్ట తెగును. ఏలయనగా ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒక్క ఇంటివారైనపుడు సరకు మంచిచెడ్డలు చూచువాడు లేకపోవును. ఇట్టివారినే నేను లోపలివారనుచున్నాను. వారి బలము ధనము కాదు. పదుగురికి తెలియనిది తమకు ముందుగా తెలియుటయే వారి బలము.

ఇక హైదరాబాదు రాజ్యమున జరిగిన వృత్తాంతమును వినుడు. 1883వ సంవత్సరము ఫిబ్రవరిలో మొదటి సాలార్ జంగు మరణించెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను అప్పటికింకను మైనరు. ఆ సంవత్సరముననే రైలుమార్గమును చాందావైపు పొడిగించు ఏర్పాటు సాగినది. లండనులో కూడిన కంపెనీ మూలధనము పెట్టును. ఆ ధనముపై నూటికి 5 చొప్పున 20 సంవత్సరములు ప్రతిఫలము ముట్టునట్లు నిజాము ప్రభుత్వము హామీ ఇచ్చును. అనగా బండి నడిచి లాభము వచ్చిన మంచిదే. రానియెడల ఆ కొరత ఖజానా తీర్చవలసినదే. ఖజానాలో ధనమెవ్వరిది? ముఖ్యముగా భూమిశిస్తు చెల్లించిన రైతులది.

ఈ షరతులను ప్రజల యెదుట పెట్టుడని కొందరు విద్యావంతులు కోరిరి. వారిలో ముఖ్యులు హైదరాబాదు కళాశాలాధ్యక్షుడైన డాక్టరు అఘోరనాథ ఛట్టోపాధ్యాయుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అఘోరనాథుడు సరోజినీనాయుడు గారి తండ్రి. వారు రైలు వలదనలేదు. ఎంత భారము, ఎవ్వరిపై, ఎన్నాళ్లు అని మాత్రమే అడిగిరి. దానికి లభించిన సమాధానమేమి? అఘోరనాథుడు 1883వ సంవత్సరము మే నెలలో రాజ్యమునుండి బహిష్కరింపబడెను. పిమ్మట ఆయన తిరిగి వచ్చి కొలువున చేరినమాట నిజమే. కాని ఒప్పందము ఆయనకై ఆగలేదు.

ఆ రైలు వ్యవహారమును లండనులో నడపిన ప్రముఖుడు అబ్దుల్ హక్. సర్దార్ దిలేర్ జంగు అని బిరుదము. ప్రశ్నించినవాడు పొలిమేర దాటింపబడగా, ఈయన మరియొక పెద్ద వ్యవహారమునకు చేయి చాచెను. అది గనుల గుత్త. ఇల్లందు ప్రాంతమున, సింగరేణి గ్రామము చెంత బొగ్గు కలదని భూగర్భశాఖకు చెందిన డాక్టరు కింగు 1870వ దశాబ్దపు ఆరంభముననే కనుగొని యుండెను. 1886వ సంవత్సరమున నిజాము రాజ్యములోని గనులపై 99 సంవత్సరముల హక్కు వాట్సను, స్ట్యూవర్టు అను ఇరువురు ఆంగ్లేయులకు లభించెను. వారు లండనులో 10 లక్షల పౌనుల మూలధనముతో హైదరాబాదు దక్కను కంపెనీని స్థాపించిరి. ఆ వాటాలలో అధికభాగము రొక్కము చెల్లింపకయే గుత్తదారులకు, వారి సహచరులకు దక్కినది. ఆ సహచరులలో అబ్దుల్ హక్ ఒకడు.

ఇంతటితో ముగియలేదు. కంపెనీలో నిజాము ప్రభుత్వమునకును వాటాలుండిన మేలని తలంచి కొనుగోలు జరిపిరి. ప్రభుత్వము పక్షమున కొన్నవాడు అబ్దుల్ హక్. అమ్మకమునకు వచ్చిన వాటాలు అతనివే! కొనువాని చేయియు అమ్మువాని చేయియు ఒక్క దేహమునకే చెందినవి. కంపెనీ లండనుది యగుటచే ఈ సంగతి అక్కడ రచ్చకెక్కెను. 1888లో బ్రిటిషు కామన్సు సభ ఒక విచారణ సంఘమును నియమించి సాక్ష్యములు పుచ్చుకొనెను. అబ్దుల్ హక్ పదవిని కోల్పోయెను. కాని గమనింపుడు: మనిషి పోయెను గాని గుత్త పోలేదు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి దాని ఆస్తులను పుచ్చుకొనువరకు ఆ లండను కంపెనీ నిలిచియే యుండెను. సంతకమైన పిదప తెలిసిన సత్యము వలన కలుగు ప్రయోజనము స్వల్పము. ప్రశ్న సంతకమునకు ముందే రావలెను.

ఇట్టివి రాజులేలు సీమలందే జరుగును, ప్రజలెన్నుకొనిన సభలున్నచోట జరుగవు అని మీరనవచ్చును. అది సరి కాదు. ఇంచుమించు ఆ కాలముననే కెనడా దేశమున పశ్చిమసముద్రము వరకు రైలుమార్గము వేయదలచిరి. 1872వ సంవత్సరపు ఎన్నికలలో ప్రధానమంత్రి జాన్ మాక్డొనాల్డు పక్షమునకు మాంట్రియల్ నగరపు ఓడల వర్తకుడు హ్యూ ఆలన్ మూడు లక్షల డాలర్లకు పైగా ధనమిచ్చెను. రైలు గుత్త ఆలన్ నాయకుడుగా నున్న కంపెనీకే లభించెను. 1873 ఏప్రిలులో హంటింగ్టను అను సభ్యుడు సభలో ఈ సంగతిని లేవనెత్తెను. ధనము కోరుచు వ్రాసిన జాబులు, పంపిన తంతివార్తలు పత్రికల కెక్కెను. తాను సొంతమునకు ఒక్క కాసైనను పుచ్చుకొనలేదని మాక్డొనాల్డు వాదించెను. నేను తినలేదు, నా పక్షము తినినదను ఈ వాదము మన ఊళ్లలోను వినబడునదే. సభ దానిచే తృప్తి చెందలేదు. ఆ నవంబరు 5వ తేదీన ఆయన రాజీనామా నిచ్చెను. తరువాతి సంవత్సరపు ఎన్నికలలో ఆయన పక్షము ఓడిపోయెను. 1878లో ప్రజలు మరల ఆయననే ఎన్నుకొనిరి. అదియు చెప్పవలసిన మాటయే.

ఈ రెండు కథలకును భేదమెక్కడ? లోపలివారి ఆశ రెండుచోట్లను ఒక్కటే. ఇక్కడ అడిగినవాడు ఊరు విడిచెను. అక్కడ అడుగబడినవాడు పదవి విడిచెను. అంతియే భేదము. అయినను లోపలివారి జాతి అక్కడను అంతరింపలేదు. 2006లో కెనడా స్వప్రయోజన సంఘర్షణమును నిషేధించు చట్టమును చేసికొనవలసి వచ్చెను. 2017లో ఆ దేశపు నీతిపరిశీలనాధికారిణి, నాటి ప్రధానమంత్రి జస్టిన్ ట్రూడో ఆగాఖాను గారి దీవిలో ఆతిథ్యము గ్రహించి ఆ చట్టమును అతిక్రమించెనని తేల్చెను. ప్రధానమంత్రినైనను అడుగగల ఒక పీఠము కలదనుటయే అందలి విశేషము.

మనకును నేడట్టి సాధనములు లేకపోలేదు. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము ప్రకారము ఏ పౌరుడైనను ప్రభుత్వ కాగితములు చూపుడని అడుగవచ్చును. సామాన్యముగా 30 దినములలో ఉత్తరమీయవలెను. అఘోరనాథుడు దేనిని కోరి దేశము విడిచెనో దానిని నేడొక కాగితముపై వ్రాసి కోరవచ్చునన్నమాట. పంచాయతీ గుత్తలలో సొంత లాభము గలవాడు పంచాయతీ సభ్యత్వమునకు తగడనియు చట్టము చెప్పుచున్నది. కాని బావమరిది పేరును పట్టుకొనుట చట్టమునకు కష్టము, ఊరికి సులభము. ఎవ్వడెవ్వనికి చుట్టమో కార్యాలయములకంటె మీకే బాగుగా తెలియును.

కావున గ్రామపెద్దలైన మీకు మూడు మాటలు మనవి చేయుచున్నాను. ఊరి పనులలో మీకుగాని మీ వారికిగాని లాభము గల విషయము వచ్చినపుడు ఆ సంగతి ముందుగా చెప్పి, నిర్ణయము చేయు చోటునుండి లేచిపొండు. గుత్త షరతులను, మొత్తమును సంతకమునకు ముందే గ్రామసభలో చదివింపుడు. అడిగినవాడు మీకు గిట్టనివాడైనను, పేదవాడైనను, చిన్నవాడైనను వాని నోరు మూయకుడు. మొదటి రెండింటికంటె మూడవది కష్టము. ఏలయనగా పెద్దరికము గలవాడు తన ఊరిలో తానే లోపలివాడు. ప్రశ్న వచ్చి తగులునది తననే. ఆ ప్రశ్నను సహించినవాని ఊరిలోనే చెరువుకట్ట నిలుచును.