ఇంటి కంప్యూటరునకు వైఫై కార్డు కొనుట: మా అనుభవము

(సభ్యుల సమావేశమున కార్యవర్గము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. కంప్యూటరు శాస్త్రమును గూర్చి ఉపన్యసించు అర్హత మాకు లేదు. అయినను సంఘ నిధికి లెక్క చెప్పు బాధ్యత మాపై ఉన్నది గనుక ఈ దినము మీ ముందు నిలుచున్నాము.

గత సంవత్సరము మన సభ్యులు తమ ఇండ్లలోను అంగళ్లలోను మూలబడియున్న ఎనిమిది పాత కంప్యూటర్లను సంఘమునకు దానమిచ్చిరి. వానిని బాగుచేయించి, చదువుకొను పిల్లలున్న ఎనిమిది కుటుంబములకు ఇచ్చితిమి. మన పిల్లలు బడిలో కన్నడము, ఇంగ్లీషు నేర్చుకొందురు. తెలుగు అక్షరములు వారికి దొరకునది మన శనివారపు తరగతిలోనే. ఆ తరగతి 2020లో కోవిడ్ కాలమున ఇంటర్నెట్టు మీదికి మారినది. దూరపు బడావణెలలో ఉన్నవారికి అదియే అనుకూలమగుటచే నేటికిని అట్లే సాగుచున్నది. కావున కంప్యూటరు ఇచ్చిన చాలదు. దానికి ఇంటర్నెట్టు అందవలెను.

పాత డెస్క్‌టాపు కంప్యూటర్లకు తీగ తగిలించు చోటు ఉండును గాని, వైఫై అందుకొను సాధనము సాధారణముగా ఉండదు. బాడుగ ఇండ్లలో గోడ తొలిచి తీగ లాగుటకు ఇంటివారు ఒప్పుకొనరు. కనుక వైఫై కార్డులు కొనుటకు మేము ఎస్.పి. రోడ్డుకు పోతిమి. మన బెంగుళూరులో కంప్యూటరు సామానులకు పేరుపడిన బజారు అదియే గదా! ఒక అంగడిలో, "అన్నిటికన్న చౌకవి ఎనిమిది ఇవ్వండి" అని అడిగితిమి. ఏ కంప్యూటరునకు, ఏ ఇంటికి అని వారు అడుగలేదు, మేము చెప్పలేదు. పదునెనిమిది శాతము జి.ఎస్.టి. మిగులునను ఆశతో బిల్లు కూడ తీసికొనలేదు. బట్టల బేరములో అంచు, నేత, కొలత చూడక ఒక్క తానైనను కొనని మేము, ఇచ్చట అట్టపెట్టె మీది బొమ్మను చూచి కొంటిమి.

ఎనిమిదింటిలో మూడు పనిచేసినవి. ఐదు పనికిరాలేదు. మార్చుటకు పోగా బిల్లు అడిగిరి. అది లేదు. ఆ ఐదింటి పైకమును మా చేతి నుండి నిధికి జమకట్టితిమి. కాని రెండవ పి.యు.సి. చదువు ఒక అమ్మాయి మాతో అన్న మాటకు జమకట్టుటకు మావద్ద ఏమియు లేదు. "మామయ్యా, కంప్యూటరు వచ్చింది గాని, నాన్న ఫోను ఎప్పుడు ఇంటికొస్తుందా అని ఎదురుచూడటం తప్పలేదు" అని ఆమె అన్నది. తండ్రి పని నుండి తిరిగివచ్చు సరికి రాత్రి తొమ్మిది దాటును.

ఆ తరువాత తెలిసినవారిని అడిగి నేర్చుకొన్న సంగతులను, మీరును అట్లు మోసపోకుండుటకై మనవి చేయుచున్నాము.

వైఫై అనగా రేడియోయే. దీని మొదటి ప్రమాణము 1997లో వెలువడినది. ఇది ముఖ్యముగా రెండు పట్టీలలో నడచును: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మన దేశమున తక్కువ శక్తి గల సాధనములకు ఈ రెండు పట్టీలలోను లైసెన్సు అవసరము లేకుండ చేసిరి. 2.4 పట్టీ గోడలను దాటి దూరము పోగలదు. కాని బ్లూటూతు, వంటింటి మైక్రోవేవు పొయ్యి, పొరుగిండ్ల రూటర్లు అన్నియు అందులోనే ఇరుకుకొని యుండును. 5 పట్టీ దూరము తక్కువ పోవును గాని, రద్దీ తక్కువ, వేగము ఎక్కువ.

మేము కొన్న పెట్టెలపై "600" అని పెద్ద అంకె ఉండెను. సరియైన కార్డుపై ఆ అంకె ఉన్నచో దాని అర్థమిది: 2.4 పట్టీలో 150 మెగాబిట్లు, 5 పట్టీలో 433, ఆ రెంటిని కూడి గుండుగుత్తగా చెప్పిన మొత్తము. అయితే కార్డు ఒక సమయమున ఒక పట్టీలోనే పనిచేయును. అదియును కాగితము మీది వేగము. చేతికి వచ్చునది అంతకన్న చాల తక్కువ. మేము తెచ్చినవానిపై 5 గిగాహెర్ట్జ్ అను మాటయే లేదు! పక్కపక్కనే రూటర్లు కిక్కిరిసిన రెండు ఇండ్లలో పాఠము బొమ్మ నిలిచి నిలిచి వచ్చి, తుదకు ఆగిపోయినది. కావున పెద్ద అంకెను చూడవద్దు. 5 గిగాహెర్ట్జ్ ఉన్నదా, 802.11 తరువాత ఏ అక్షరము ఉన్నది అని చూడుడు. "ఎన్" 2009 నాటిది, "ఏసీ" 2013 నాటిది, "ఏఎక్స్" అనగా వైఫై 6, 2021 నాటిది. ఇంటికి 50 లేక 100 మెగాబిట్ల పథకము ఉన్నవారికి ఏసీ కార్డు చాలును. రూటరు పాతదైనచో కార్డు ఒక్కటి కొత్తది కొన్నందువలన వేగము రాదు.

తక్కిన మూడు కార్డుల కథ వేరు. కార్డును నడిపించుటకు డ్రైవరు అను ప్రోగ్రాము కావలెను. విండోస్ 10నకు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఆ పాత కంప్యూటర్లలో కొన్ని విండోస్ 11నకు తగవు గనుక, వానిలో ఉచితమగు లైనక్సును వేయించితిమి. మా కార్డులలోని చిప్పునకు అందులో డ్రైవరు లేకపోయెను. పెట్టెలో ఒక చిన్న సీడీ ఉండెను. అది విండోసునకు మాత్రమే. కావున లైనక్సు వాడువారు కార్డు పేరునే గాక, చిప్పు పేరును, వెర్షను అంకెను కూడ అడుగవలెను. ఒకే పేరు గల కార్డులో వెర్షను మారిన లోపలి చిప్పు మారుట కద్దు.

ఇక కొనుటకు పూర్వము చేయవలసినవి. కంప్యూటరును రూటరును ఒకే గదిలో ఉన్నచో కార్డు అక్కరలేదు. నెట్‌వర్కు తీగ చాలును, అది నమ్మకమైనది. ల్యాప్‌టాపులో వైఫై కనబడనిచో అది ఆపివేసి యున్నదేమో మొదట చూడుడు. ఇంట ఆండ్రాయిడ్ ఫోను ఉన్నచో దానిని వైఫైకి కలిపి, యు.ఎస్.బి. తీగతో కంప్యూటరునకు తగిలించి, "యు.ఎస్.బి. టెథరింగు" ఒత్తుడు. ఆ ఫోనే కార్డు పని చేయును. ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఇంట మూలబడిన పాత ఫోను అయినను చాలును. ఆ అమ్మాయి ఇంట చివరకు మేము చేసినది ఇదియే.

కొనక తప్పనిచో, యు.ఎస్.బి. కార్డు సులభము, వేలెడంత ఉండును, రెండు పట్టీలది సైతము కొన్ని వందల రూపాయలలో దొరకును. దానిని ఇనుప పెట్టె వెనుక గుచ్చక, చిన్న పొడిగింపు తీగతో బల్లపైకి తెచ్చిన బాగుగ అందుకొనును. యు.ఎస్.బి. 3 రంధ్రములలో తగిలించిన డిస్కులు 2.4 పట్టీకి అంతరాయము కలిగించును గనుక వానికి ఎడముగా ఉంచుడు. కంప్యూటరు లోపల బిగించు పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ కార్డు ఇంకను స్థిరమైనది, కాని ధర ఎక్కువ. ల్యాప్‌టాపు లోపలి కార్డును మార్చువారు జాగ్రత్త వహింపవలెను: ఇంటెల్ వారి ఏఎక్స్201, ఏఎక్స్211 కార్డులు తగిన ఇంటెల్ ప్రాసెసర్లతోనే పనిచేయును, ఏఎక్స్200, ఏఎక్స్210లకు ఆ నిర్బంధము లేదు.

బిల్లు తప్పక తీసికొనుడు. మార్చుకొను గడువును ఆ బిల్లుపైననే వ్రాయించుకొనుడు.

ఇకమీదట సంఘము పక్షమున ఏ వస్తువైనను ముందు ఒకటి తెచ్చి, ఇంట పరీక్షించి, పిమ్మట తక్కినవి కొనుటకు కార్యవర్గము తీర్మానించినది. విండోసులోను లైనక్సులోను పనిచేయునట్లు చూచిన రెండు కార్డులను సంఘ కార్యాలయమున ఉంచితిమి. కొనదలచినవారు వానిని తీసికొనిపోయి తమ ఇంట వారము దినములు పరీక్షించి తిరిగి ఇయ్యవచ్చును. ఆదివారము ఉదయము వచ్చువారు తమ కంప్యూటరు, రూటరుల పేర్లను ఒక చీటీపై వ్రాసికొని రావలెను. మీ ఇంట అటకపై వాడని ఫోను ఉన్నచో అదియును తెండు. తరగతిలో చేరవలసిన పిల్లలు ఇంకను నలుగురు వేచియున్నారు.