పొగ, నిప్పు, పచ్చికట్టె
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాజకీయాలు మాట్లాడవద్దని కమిటీవాళ్లు ముందే చెప్పారు. తర్కం గురించి మాట్లాడతానంటే ఒప్పుకున్నారు. కరీంనగర్‌లో ఈ రెండింటినీ ఎట్లా విడదీస్తారో వాళ్లకే తెలియాలి. అందుకని మధ్యేమార్గంగా, నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను.

మన లెక్కల సార్ తొమ్మిదో తరగతిలో ఒక ప్రశ్న అడిగేవారు. "ప్రతి చతురస్రం దీర్ఘచతురస్రమే. మరి ప్రతి దీర్ఘచతురస్రం చతురస్రమేనా?" అందరం "అవును సార్" అని ఒక్క గొంతుతో అరిచేవాళ్లం. వెనుక బెంచీలో నా పక్కన కూర్చునే దోస్తు ఒక్కడే లేచి "కాదు సార్, మన తలుపు చూడుండ్రి" అన్నాడు. ఆ రోజు నుంచి వాడంటే నాకు కొంచెం అసూయ. నేను తర్వాత లెక్కల టీచర్నయ్యాను, వాడు కాంట్రాక్టులు చేసుకున్నాడు. ముప్పై ఏళ్ల స్నేహం 2008 జూన్‌లో ఒక చాయ్ హోటల్ దగ్గర తెగింది.

సందర్భం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2006లో దమ్ముంటే రాజీనామా చేసి గెలవమని అప్పటి మంత్రి ఎం. సత్యనారాయణరావు సవాలు విసిరారు. కేసీఆర్ కరీంనగర్ ఎంపీ పదవికి రాజీనామా చేశారు. ఆ డిసెంబర్‌లో జరిగిన ఉప ఎన్నికలో 2 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. "ఇదిగో రుజువు, జనం తెలంగాణ కోరుతున్నారు" అని నేను స్టాఫ్‌రూంలో బల్ల గుద్ది చెప్పాను. 2008లో టీఆర్ఎస్ వాళ్లు మూకుమ్మడిగా రాజీనామాలు చేశారు. వదులుకున్న 16 అసెంబ్లీ స్థానాల్లో 7 మాత్రమే తిరిగి వచ్చాయి. నాలుగు ఎంపీ సీట్లలో రెండు పోయాయి, అందులో ఆదిలాబాద్ ఒకటి. కరీంనగర్‌లో మెజారిటీ 15 వేల పైచిలుకుకు పడిపోయింది. నేనేమన్నానంటే, "ఓట్లు కొలమానం కాదు, డబ్బు, మందు పనిచేసినయ్."

దోస్తు నవ్వాడు. "గెలిస్తే ప్రజాతీర్పు, ఓడితే సారాయి తీర్పా? అన్నా, రెండు తూకంరాళ్లు పెట్టుకొని బేరం జేస్తున్నవ్. జనానికి తెలంగాణ మీద మోజు పోయింది, ఒప్పుకో."

ఇందులో రెండు మాటలున్నాయి. నేను కొలబద్ద మార్చానన్నది నిజం. కోరిక పోయిందన్నది తప్పు. నేను మొదటిది ఒప్పుకొని రెండోదానికి జవాబు చెప్పాల్సింది. చెప్పలేదు. "సర్కారు కాంట్రాక్టులు జేసేటోనివి నువ్వు గట్లనే మాట్లాడుతవ్ లే" అన్నాను, పదిమంది ముందు. వాడు చాయ్ సగంలో వదిలి లేచిపోయాడు.

మాటకు జవాబివ్వలేక మనిషి మీద పడటం అన్నిటికన్నా సులువైన ఎత్తు. వాడి బతుకుతెరువు ఏదైతేనేం, వాడు చెప్పిన లెక్క తప్పైతుందా? న్యాయశాస్త్రం వాదనను మూడు రకాలుగా చెబుతుంది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షం అంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాణ్ని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. టీవీలో రాత్రి తొమ్మిదింటికి ఏది వస్తుందో మీకు తెలుసు. ఆ రోజు నాది అంతకన్నా తక్కువ రకం.

వాడికి చెప్పాల్సిన జవాబు నాకు చాలా ఆలస్యంగా, రిటైరయ్యాక తర్కసంగ్రహం చదువుతుంటే దొరికింది. అది రాసిన అన్నంభట్టు తెలుగువాడే. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉందని ఊహిస్తాం. సరైన ఊహే. దాన్ని తిరగేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉండి తీరాలంటే కుదరదు. కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. నిప్పు నుంచి పొగ రావాలంటే పచ్చికట్టె తగలాలి. ఆ చెప్పకుండా వదిలేసిన షరతును ఉపాధి అంటారు. మన లెక్కల సార్ చతురస్రం ప్రశ్న కూడా ఇదే కదా!

ఓట్లు పొగ, కోరిక నిప్పు అనుకోండి. 2006లో మంత్రిగారి సవాలే పచ్చికట్టె. పౌరుషం మండింది, పొగ కమ్మింది. 2008లో ఆ కట్టె లేదు. పొగ తగ్గింది కాబట్టి నిప్పు ఆరిందని వాడన్నాడు. పొగ ఎంత ఎత్తు లేస్తే నిప్పు అంత పెద్దదని అంతకు ముందు నేనన్నాను. ఇద్దరం తప్పే. 2009 నవంబర్ 29న కేసీఆర్‌ను అలుగునూరు దగ్గర అరెస్టు చేశారు, డిసెంబర్ 9న ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. 2010 జూలై ఉప ఎన్నికల్లో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల 8 సీట్లూ టీఆర్ఎస్‌వే. అప్పుడు నేను మళ్లీ "చూశారా, ఓట్లే చెప్పినయ్" అన్నాను. బుద్ధి రాలేదన్నమాట.

ఇట్లాంటివి అటువైపూ తక్కువ కాదు. హైదరాబాద్‌ను కలిపి తెలంగాణ సగటు తీసి, వెనుకబాటు ఎక్కడుందని అడిగారు. ఆసిఫాబాద్ అడవిలోని గూడెం ఆ సగటులో మాయమైంది. రాష్ట్రం విడిపోతే చీకట్లేనన్నారు. కరెంటు కొరత అబద్ధం కాదు. అయితే ప్లాంటు ఎవరి నేల మీదుంటే కరెంటు వాళ్లదేనని లెక్కవేసి భయపెట్టారు. పంపకంలో వాడకాన్ని చూశారు, తెలంగాణకు 53.89 శాతం వచ్చింది. మనవైపు, ప్రతి కొరతకూ ఒక్కటే కారణం చెప్పుకున్నాం. రాష్ట్రం వచ్చాక ఆ కారణం పోయింది, కొన్ని కొరతలు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

ఈ ప్రసంగం రాసుకున్నాక, చెప్పవచ్చునా అని అడగడానికి దోస్తుకు ఫోన్ చేశాను. ఇన్నేళ్లలో మొదటిసారి. మొదట ఇద్దరికీ మాట రాలేదు. "పేరు పెట్టకు. మోజు పోయిందన్నది నా తప్పని మాత్రం రాయి" అన్నాడు. నేను క్షమించమన్నాను. "అది సరే గని, మేడిగడ్డ సంగతేంది?" అన్నాడు.

2023 అక్టోబర్‌లో బ్యారేజీ పిల్లర్లు కుంగాయి కాబట్టి కాళేశ్వరం మొత్తం దండుగని వాడు. ప్రాజెక్టు కట్టినంక వడ్లు పెరిగినయి కాబట్టి అది కాళేశ్వరం చలవేనని నేను. మరి వానలు, బోర్లు, 24 గంటల కరెంటు ఎటుపోయినయని వాడే నన్ను నిలదీశాడు. ఒక్క బ్యారేజీని చూసి కాలువలు, పంపుహౌజులు, రిజర్వాయర్లు అన్నింటినీ ఎట్లా కొట్టేస్తావని నేను. నలభై నిమిషాలు నడిచింది. నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. మిగిలింది రేపు మాట్లాడుకుందామన్నాడు.